ఎస్‌సీఏలో పేరుకి ఏ టైటిల్? లార్డ్, సర్, యార్ల్, నాయక... ఎవరికి ఏది నప్పుతుంది

ఎస్‌సీఏలో కొత్తగా చేరిన మన తెలుగువాళ్ళు ఎవరు కలిసినా కవచం ఖర్చెంత, టెంట్ ఎక్కడ దొరుకుతుంది అన్న ప్రశ్నల తర్వాత కచ్చితంగా అడిగేది ఇదే, అన్నా, నా పేరుకి ఏ టైటిల్ పెట్టుకోవాలి అని. లార్డ్ అనొచ్చా, నాయక అనొచ్చా, రాయ అని పెట్టుకుంటే ఎవరైనా ఏమైనా అంటారా, సర్ అని పిలవాలంటే ఏం సాధించాలి. అందరికీ ఒకటే జవాబు ఉండదు, ఎందుకంటే అది మీకొచ్చిన అవార్డుని బట్టి, మీరు ఎంచుకున్న పాతకాలపు పాత్రని, అంటే పర్సోనాని బట్టి, చివరికి మీరు ఆ రోజు కోర్టులో, అంటే రాజు అవార్డులిచ్చే కొలువులో, ఉన్నారా, పోరాడే ఫీల్డ్‌లో ఉన్నారా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది, అందుకే అన్నీ ఒకచోట పెట్టి రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎస్‌సీఏ అంటే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం. 1966 మే 1న కాలిఫోర్నియాలో బర్కిలీలో ఒక ఇంటి పెరట్లో పెట్టుకున్న టోర్నమెంట్‌తో మొదలైంది, ఇప్పుడు ప్రపంచం మొత్తాన్ని 20 కింగ్‌డమ్స్‌గా పంచుకుని నడుస్తోంది. టెక్సస్, ఓక్లహోమా అన్‌స్టియోరా, సియాటెల్ వైపు ఆన్ టిర్, న్యూజెర్సీ ఈస్ట్, అట్లాంటా మెరిడీస్, యూరప్ అయితే ద్రాకెన్‌వాల్డ్, ఆస్ట్రేలియా న్యూజిలాండ్ లోఖాక్. 1600కి ముందు కాలాన్ని బట్టలతో, వంటలతో, కత్తిసాముతో, కళలతో మళ్ళీ బతికించుకోవడం ఇక్కడ పని. ఎవరికి వాళ్ళు ఆ కాలానికి చెందిన ఒక మనిషిని ఊహించుకుంటారు, దాన్నే పర్సోనా అంటారు. రాజుని టోర్నమెంట్‌లో గెలుపు నిర్ణయిస్తుంది, చాలా కింగ్‌డమ్స్‌లో పాలన సుమారు ఆరు నెలలు, వెస్ట్ అనే కింగ్‌డమ్‌లో అయితే ఏడాదికి మూడుసార్లు రాజు మారతాడు.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒకటే. పేరు మీ ఇష్టం, టైటిల్ మాత్రం ఇచ్చింది తీసుకోవాలి. రిజర్వ్ చేసిన టైటిల్స్ అన్నీ ఎవరో ఒకరు కష్టపడి సంపాదించుకున్నవే. ఇరవై ఏళ్ళు వంటశాలలో గిన్నెలు తోమి, గేటు దగ్గర ఎండలో కూర్చుని, సేవకి ఇచ్చే పెద్ద గౌరవమైన పెలికన్ పొందిన మనిషి పక్కన నిలబడి, నిన్న చేరిన మనం మాస్టర్ అని చెప్పుకుంటే అది ఆ మనిషిని చిన్నచెయ్యడమే. ఇక్కడ ఎవరూ అరవరు, పక్కకి పిలిచి మెల్లగా చెప్తారు, కానీ అందాకా రానివ్వకూడదు.

ఏ అవార్డూ రాకముందు

ఇంకా అవార్డు రాకపోతే టైటిల్ లేకుండా ఉండటమే బెస్ట్, ఇది నా గట్టి అభిప్రాయం. చాలామందికి ఇది వెలితిగా అనిపిస్తుంది, అక్కర్లేదు. ఎస్‌సీఏలో ప్రతి ఒక్కరూ మర్యాదస్తులే అన్నది మొదటి నుంచీ ఉన్న పద్ధతి, మీకు టైటిల్ ఉన్నా లేకపోయినా ఎదుటివాళ్ళు మిమ్మల్ని మర్యాదకి మై లార్డ్, మై లేడీ అనే పిలుస్తారు. అలా పిలిచారు కదా అని మీరు మీ పేరు ముందు లార్డ్ అని రాసుకోవడం మాత్రం వేరే సంగతి, అది అవార్డ్ ఆఫ్ ఆర్మ్స్ అనే మొదటి మెట్టు గౌరవం వచ్చాకే.

ఈ టైమ్‌లో టైటిల్ బదులు పేరునే బలంగా కట్టుకోండి. మన పాత పేర్లలో ఊరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్నీ ఒదిగిపోతాయి. ఓరుగల్లు ప్రోలయ, మోటుపల్లి మల్లన, కొండవీటి వేమన లాంటి పేర్లు వింటేనే కాలం, చోటు రెండూ తెలిసిపోతాయి, ఏ హోదానీ క్లెయిమ్ చెయ్యవు. మోటుపల్లి అని పెట్టుకున్నారనుకోండి, వెంటనే ఒక కథ మీ చేతిలో ఉంటుంది, అది రేవుపట్నం, గణపతిదేవుడు సముద్రం మీద వచ్చే వర్తకులకి అభయమిస్తూ అక్కడ శాసనం వేయించాడు, మీ పర్సోనా ఆ రేవులో కర్పూరం, పట్టు, ముత్యాలు అమ్ముకునే మనిషి కావచ్చు. నాలుగు మాటలు మాట్లాడటానికి విషయం ఉన్న పేరు, ఖాళీ టైటిల్ కన్నా ఎంతో పనికొస్తుంది.

స్క్వైర్, అప్రెంటిస్, ప్రొటీజే అన్న మాటలు కూడా వింటారు. నైట్ దగ్గర నేర్చుకునేవాళ్ళు స్క్వైర్, కళల్లో పెద్ద గౌరవం పొందిన లారెల్ దగ్గర అప్రెంటిస్, పెలికన్ దగ్గర ప్రొటీజే. ఎర్ర బెల్టు, ఆకుపచ్చ బెల్టు, పసుపు బెల్టు అన్నవి ఎక్కువ చోట్ల వాళ్ళ గుర్తులు. ఇవి హోదాలు కావు, ఇద్దరి మధ్య బంధాలు. పరిచయం చేసుకునేటప్పుడు ఫలానా వారి అప్రెంటిస్‌ని అని చెప్పుకోవడం బాగుంటుంది, పేరు ముందు తగిలించుకోవడం బాగోదు.

అవార్డ్ ఆఫ్ ఆర్మ్స్ వచ్చాక: లార్డ్, లేడీ లేదా పర్సోనా భాషలో మాట

ఇది వస్తే మీరు లార్డ్ లేదా లేడీ. ఎంపిక నిజంగా మొదలయ్యేది ఇక్కడే, ఎందుకంటే ఇంగ్లీష్ మాటే వాడాలని రూల్ లేదు. పేర్లు రిజిస్టర్ చేసి, కోర్టులో పిలిచేవాళ్ళని హెరాల్డ్స్ అంటారు, కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అని వాళ్ళ వ్యవస్థ ఒకటుంది, దాని పెద్దని లారెల్ సావరిన్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు, వాళ్ళు ఏ హోదాకి ఏ భాషలో ఏ మాట వాడొచ్చో లిస్ట్ పెట్టి ఉంచారు. జర్మన్ పర్సోనా అయితే లార్డ్ బదులు హెర్, లేడీ బదులు ఫ్రౌ. ఇటాలియన్ అయితే సిన్యోరే, సిన్యోరా. పై హోదాల్లో కూడా అంతే, కౌంట్ బదులు జర్మన్‌లో గ్రాఫ్, నార్స్‌లో యార్ల్, డ్యూక్ బదులు హెర్ట్‌సోగ్. ఈ లిస్ట్‌కి మార్పులు జరుగుతూ ఉంటాయి, వాడే ముందు ఒకసారి ఇప్పటిది చూసుకోవాలి.

లార్డ్ వాడితే లాభం ఏంటంటే ఎవరికైనా చప్పున అర్థమవుతుంది, కొత్తవాళ్ళకి కూడా. కోర్టులో హెరాల్డ్ తడబడడు. నష్టం ఏంటంటే మీరు పదో శతాబ్దం వైకింగో పదహారో శతాబ్దం వెనిస్ వర్తకుడో అయి ఉంటే, బట్టలన్నీ అంత శ్రద్ధగా కుట్టుకుని, చెప్పుల దగ్గర నుంచి కాలానికి తగ్గట్టు చేయించుకుని, నోరు తెరవగానే ఇంగ్లీష్ లార్డ్ అంటే ఆ కట్టిన బొమ్మంతా కాస్త చెదురుతుంది. నేనైతే పర్సోనా భాష మాటకే ఓటు వేస్తాను, ఒక్క షరతుతో, ఆ మాటని మీ లోకల్ గ్రూప్‌లో వాళ్ళు పలకగలగాలి. పెన్సిల్వేనియాలో స్లిప్పరీ రాక్ దగ్గర జరిగే పెన్సిక్ వార్ అనే పెద్ద ఈవెంట్‌కి ఏటా పదివేల పైచిలుకు జనం వస్తారు, అక్కడ ఎవరు ఎవరో తెలియదు, దుమ్ములో ఎండలో నడిచిపోతుంటే వినిపించే మాట ఒక్కసారికే అర్థం కావాలి. అందుకని లోకల్ ఈవెంట్‌లో పర్సోనా టైటిల్, పెద్ద వార్‌లో ఫారాల మీద లార్డ్ అని రెండూ వాడేవాళ్ళు బోలెడంత మంది, అందులో తప్పేమీ లేదు.

ఇంకొకటి, స్త్రీలు స్త్రీలింగం మాటే వాడాలని ఇక్కడ పట్టుబట్టరు. ఆడ నైట్స్‌లో డేమ్ అని పిలిపించుకునేవాళ్ళున్నారు, సర్ అనే కావాలని కోరుకునేవాళ్ళూ ఉన్నారు, ఇద్దరికీ గౌరవం ఒకటే. మనకి ఇది వింతగా అనిపించనక్కర్లేదు. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగ పేరుతోనే కనిపిస్తుంది, రాయగజకేసరి అన్న బిరుదు కూడా ఆవిడదే. తెలుగు పర్సోనా ఉన్న ఆడపిల్లలు ఎవరైనా నాకు పురుష రూపమే కావాలి అంటే దానికి ఓరుగల్లు కోట అంత గట్టి ఆధారం ఉంది.

తెలుగు పర్సోనా అయితే

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే దీని గురించి ఇంకెవరూ మనకి చెప్పరు, ఇంగ్లీష్, ఫ్రెంచ్ పర్సోనాలకి సలహా ఇచ్చేవాళ్ళు కోకొల్లలు.

1600 ముందు అన్న హద్దు మనకి చాలా ఉదారమైన హద్దు. కాకతీయులు 1323 దాకా, తర్వాత కొండవీటి రెడ్లు, విజయనగరం, గోల్కొండ కుతుబ్‌షాహీలు, 1591లో కట్టిన హైదరాబాద్ కూడా లోపలికే వస్తుంది. ఇంత సంపద చూడగానే మనవాళ్ళ చెయ్యి ముందు వెళ్ళేది బిరుదుల మీదకి. చలమర్తిగండ, మూరురాయరగండ, రాజాధిరాజ రాజపరమేశ్వర. చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది నిజమే, కానీ ఇవి రాజుల బిరుదులు, మొదటిది కాకతీయులది, మిగతావి విజయనగర రాయలది. ఎస్‌సీఏ లెక్కలో ఇది ఏకంగా కిరీటం క్లెయిమ్ చెయ్యడం. రాయ, మహారాజు, సార్వభౌమ కూడా అంతే. సంపాదించని హోదా ఉన్నట్టు వినిపించే పేరుని హెరాల్డ్స్ రిజిస్టర్ చెయ్యరు, అలాగే చరిత్రలో బాగా ప్రసిద్ధులైన వాళ్ళ పేరు యథాతథంగా పెట్టుకోనివ్వరు, కాబట్టి శ్రీకృష్ణదేవరాయలు అని వెళ్తే వెనక్కి పంపిస్తారు.

మరి ఏది? నా మటుకు అవార్డ్ ఆఫ్ ఆర్మ్స్ ఉన్న కాకతీయ పర్సోనాకి నాయక కన్నా మంచి మాట లేదు. దీనికి కారణం వినడానికి బాగుండటం ఒక్కటే కాదు. ఇప్పుడు మనం నాయుడు, రెడ్డి, రాజు, శెట్టి అనగానే ఇంటిపేరో కులమో అనుకుంటాం, కాకతీయుల కాలం శాసనాల్లో మాత్రం ఇవి మనిషి చేసే పనికి, సంపాదించుకున్న స్థాయికి గుర్తులుగా కనిపిస్తాయి. తండ్రికి ఒక మాట, కొడుక్కి ఇంకో మాట ఉన్న సందర్భాలున్నాయి. నాయక అనిపించుకోవడానికి ఫలానా కులంలో పుట్టాలని లేదు, యుద్ధంలోనో రాజు కొలువులోనో నిలబడితే చాలు. కొందరు నాయకులైతే తాము చతుర్థ కులం వాళ్ళమని శాసనంలోనే గర్వంగా చెక్కించుకున్నారు. పుట్టుకతో కాకుండా పనితో వచ్చే హోదా అన్నది ఎస్‌సీఏ మూల సూత్రం, అదే సూత్రం మీద ఎనిమిది వందల ఏళ్ళ కింద ఓరుగల్లు నడిచింది, ఇంతకన్నా నప్పే మాట ఏముంటుంది. అందుకే ఇంకో మాట కూడా చెప్తాను, ఈ రోజు మీ ఇంటిపేరు వెనకున్న రెడ్డి, చౌదరి, రాజు అన్నవాటిని ఎస్‌సీఏలోకి టైటిల్‌గా ఈడ్చుకురాకండి. పర్సోనాకి నిజంగా ఊరి రెడ్డి పని ఉంటే అది వేరు. లేకపోతే అక్కడ కూడా కులం వెతుక్కున్నట్టు అవుతుంది, ఆ కాలాన్ని కూడా తప్పుగా చూపించినట్టు అవుతుంది.

నాయక విషయంలో ఒక జాగ్రత్త. మీ పర్సోనా పదహారో శతాబ్దం చివర్లో తంజావూరుదో మదురైదో అయితే ఇదే మాట బరువు మారిపోతుంది. అక్కడి నాయకులు పేరుకి విజయనగరం కింద ఉన్నా చేతల్లో రాజులే. 1300 ప్రాంతంలో ఓరుగల్లు నాయక అంటే లార్డ్‌కి సరిపోతుంది, 1590లో తంజావూరు నాయక అంటే సరిపోదు. హెరాల్డ్ అడిగితే మీ పర్సోనా కాలం, ఊరు చెప్పగలిగి ఉండాలి.

లెంక అన్న మాట కూడా ఆలోచించండి, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ, నాకు చాలా ఇష్టం. లెంక అంటే ఏలికకి ప్రాణం ఇస్తానని మాట ఇచ్చి కూడా ఉండే యోధుడు. ఎవరైనా నైట్ దగ్గర స్క్వైర్‌గా ఉన్నవాళ్ళకి, లేదా ఒక హౌస్‌హోల్డ్‌కి, అంటే కలిసి ఉండే జట్టుకి, కట్టుబడి పోరాడేవాళ్ళకి ఇది అతికినట్టు సరిపోతుంది, ఏ పెద్ద హోదానీ క్లెయిమ్ చెయ్యదు. సాహిణి కూడా ఉంది, గుర్రాలనీ ఏనుగులనీ చూసుకునే అధికారి. గుర్రపు పోటీల్లో పాల్గొనేవాళ్ళు దీన్ని వదలొద్దు, కాకపోతే ఇది కొలువులో పెద్ద పదవి కాబట్టి అవార్డు ఏదైనా చేతికొచ్చాకే.

పై హోదాలకి నేనైతే ఇలా అంటాను, ఇది నా లెక్కే తప్ప అధికారిక లిస్ట్ కాదు. బారన్‌కి సామంత లేదా మండలిక, కౌంట్‌కి, డ్యూక్‌కి మహామండలేశ్వర. కాకతీయులే స్వతంత్రులు కాకముందు ఎన్నో తరాలు మహామండలేశ్వర అనే రాసుకున్నారు, విజయనగరంలో కూడా పెద్ద పెద్ద అధిపతులు వాడారు, కాబట్టి రాజుకి ఒక మెట్టు కింద అన్న అర్థం చక్కగా వస్తుంది. వాడే ముందు మీ కింగ్‌డమ్ హెరాల్డ్‌తో మాట్లాడండి, ఏ శాసనం, ఏ కాలం అన్నది ఒక పేజీ రాసి తీసుకెళ్ళండి, ఆధారంతో వచ్చినవాళ్ళని వాళ్ళు ఎంతో ఆప్యాయంగా చూస్తారు.

ఆడవాళ్ళకి కాస్త చిక్కు ఉంది. ఆ కాలంలో సాని అన్నది గౌరవ పదం, కాకతి గరుడ బేతని అనుమకొండలో నిలబెట్టింది విరియాల కామసాని అని గూడూరు శాసనం చెప్తుంది, అంతటి మనిషి పేరులో ఉన్న మాట అది. ఈ రోజు తెలుగు చెవికి అది వేరేలా వినిపిస్తుంది. అమెరికన్ ఫ్రెండ్స్ మధ్య ఇబ్బంది ఉండదు, ఈవెంట్ ఫోటోలు చుట్టాల దాకా వెళ్తాయి అనుకుంటే మాత్రం ఆలోచించుకోండి. నా సలహా, పేరు చివర అంబ పెట్టుకోండి, మైలాంబ, ముప్పాంబ, కుప్పాంబ, ఇవన్నీ కాకతీయుల నాటి అసలు పేర్లే, హోదా గొడవ లేదు, టైటిల్ కావాలంటే లేడీ అని ముందు చేర్చుకోవచ్చు. దేవి మాత్రం రాణుల పేర్లకి ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం ఆగి అడిగి పెట్టుకోండి.

మన టైటిల్ పేరు తర్వాత వస్తుంది, ప్రోలయ నాయక, కాపయ నాయక. ఇంగ్లీష్ అలవాటులో హెరాల్డ్స్ ముందు పెట్టి నాయక ప్రోలయ అంటారు. వెనకే ఉంచమని అడగండి, ఒప్పుకుంటారు.

గోల్కొండ పర్సోనా అయితే ఖాన్, మాలిక్, మీర్ లాంటివి ఉన్నాయి. అక్కడ బిరుదులు సుల్తాన్ చేతి మీదుగా వచ్చేవి, గోల్కొండ వంశం మొదలుపెట్టిన కులీకి కుతుబ్-ఉల్-ముల్క్ అన్న బిరుదు బహమనీ సుల్తాన్ ఇచ్చిందే, తర్వాత అదే వంశానికి పేరైపోయింది. ఇవి పెద్ద పెద్ద ఉద్యోగాల మీద వచ్చేవి కాబట్టి అవార్డ్ ఆఫ్ ఆర్మ్స్‌కి బరువెక్కువే, దానికి పై మెట్టు అయిన గ్రాంట్ ఆఫ్ ఆర్మ్స్ వచ్చాకో బారన్ అయ్యాకో ఆలోచించడం మంచిది.

సరా, మాస్టరా

ఇది పై స్థాయి సంగతి, కానీ ఇక్కడ ఎంపిక నిజమైన ఎంపిక కాబట్టి చెప్తున్నా. ఎస్‌సీఏలో పీరేజ్ అంటే అన్నిటికన్నా పెద్ద గౌరవం. కళలకి లారెల్, సేవకి పెలికన్, రేపియర్ అనే సన్నటి కత్తికి డిఫెన్స్, విలువిద్య లాంటి వాటికి మార్క్, కవచం వేసుకుని చేసే యుద్ధానికి చివల్రీ. మొదటి నాలుగింటిలో ఉన్నవాళ్ళు మాస్టర్, మిస్ట్రెస్, డేమ్, మేస్ట్రో లాంటివి వాడతారు. సర్ మాత్రం నైట్స్‌కే.

చివల్రీలోకి పిలిచినప్పుడు మనిషికి రెండు దారులు. నైట్ అవ్వొచ్చు, మాస్టర్ ఆఫ్ ఆర్మ్స్ అవ్వొచ్చు. గౌరవం ఒకటే, పోరాట స్థాయి ఒకటే. తేడా ప్రమాణంలో ఉంది. నైట్ రాజుగారి ముందు మోకాలి మీద కూర్చుని, తన రెండు చేతులూ రాజు చేతుల మధ్య పెట్టి విధేయత ప్రమాణం చేస్తాడు, తెల్ల బెల్టు, బంగారు గొలుసు, స్పర్స్ (గుర్రం స్వారీకి మడమలకి కట్టుకునే ముళ్ళు) ధరిస్తాడు. మాస్టర్ ఆఫ్ ఆర్మ్స్‌కి ఆ ప్రమాణం తప్పనిసరి కాదు, భుజం మీద నుంచి అడ్డంగా వచ్చే తెల్ల బాల్డ్రిక్ ధరిస్తాడు.

ఎక్కువమంది సర్ అన్న మాట కోసమే చిన్నప్పటి నుంచి కలలు కని ఉంటారు, వాళ్ళు నైట్ వైపు వెళ్తారు, అది సహజం. కానీ మోకాలి మీద కూర్చుని ఇంకో మనిషికి విధేయుణ్ణి అనడం మనసుకి ఎక్కనివాళ్ళు, దేవుడికి తప్ప ఎవరికీ ప్రమాణం చెయ్యకూడదు అనుకునేవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళు సర్ కోసం రాజీపడి ప్రమాణం చెయ్యకూడదు, మాస్టర్ ఆఫ్ ఆర్మ్స్ సరిగ్గా వాళ్ళ కోసమే ఉంది. ఆటలో చేసినా ప్రమాణం ప్రమాణమే, ఆ చేతులు పట్టుకున్న క్షణంలో గుడారం అంతా నిశ్శబ్దమైపోతుంది, దాన్ని తేలిగ్గా తీసుకున్న నైట్‌ని నేనెప్పుడూ చూడలేదు. లెంకల గురించి చదివిన మనకి ఈ విషయం ఇంకా బాగా ఎక్కాలి.

డాన్ అన్న మాట గురించి కూడా అడుగుతారు. కొన్ని కింగ్‌డమ్స్‌లో వైట్ స్కార్ఫ్ అనే గౌరవం వచ్చిన రేపియర్ వాళ్ళు డాన్, డోన్యా వాడటం ఎప్పటి నుంచో ఉంది. మీ కింగ్‌డమ్ అలవాటు ఏంటో కనుక్కుని అదే పాటించండి.

బారన్, కౌంట్, డ్యూక్

త్వరగా చెప్పేస్తా, ఇవి ఎంచుకునేవి కావు, దొరికేవి. ఒకసారి రాజుగా పాలిస్తే కౌంట్, రెండుసార్లు పాలిస్తే డ్యూక్, ప్రిన్సిపాలిటీని పాలిస్తే వైకౌంట్. కౌంట్ వాళ్ళకి కౌంట్, ఎర్ల్, యార్ల్, గ్రాఫ్ లాంటి వాటిలో ఏదైనా సరే, పర్సోనాకి తగ్గది వాడండి. బారన్ రెండు రకాలు, డల్లాస్ వైపు స్టెప్స్, ఆస్టిన్ దగ్గర బ్రిన్ గ్లాడ్, హ్యూస్టన్‌లో స్టార్‌గేట్ లాంటి బారనీలని రాజు తరఫున చూసుకునేవాళ్ళు ఒక రకం, కోర్టు బారన్‌గా గౌరవం పొందినవాళ్ళు ఇంకో రకం. మొదటివాళ్ళు పదవిలో ఉన్నంతకాలం బారనీ పేరుతో సహా చెప్పుకోవాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్ళు ఏదైనా సమస్య వస్తే వెతుక్కునేది వాళ్ళనే. పదవి దిగాక బారనీ పేరు వదిలెయ్యాలి, తర్వాత కూర్చున్నవాళ్ళకి అది ఇవ్వాల్సిన మర్యాద.

టైటిల్స్ ఎక్కువైతే

పాతకాపులకి ఈ సమస్య వస్తుంది, డ్యూక్, నైట్, లారెల్, పెలికన్ అన్నీ ఒక్కరికే ఉంటాయి. పెళ్ళి శుభలేఖలో పేరు పక్కన డిగ్రీలన్నీ వేసినట్టు అన్నీ కలిపి చదివించుకునేవాళ్ళు ఉన్నారు, కోర్టులో పెద్ద సందర్భం అయితే అది అందంగానే ఉంటుంది. రోజూ వాడటానికి మాత్రం ఒక్కటే పెట్టుకోండి. అందరికన్నా పెద్దదే వాడాలని లేదు. మీరు ఆ రోజు ఏ పని మీద వచ్చారో దానికి తగ్గది వాడితే జనానికి ఎంతో సాయం. నేత క్లాస్ చెప్తుంటే మాస్టర్ అని ఉంటే పిల్లలకి ఈయన్ని నేత గురించి అడగొచ్చు అని తెలుస్తుంది, అక్కడ డ్యూక్ అని ఉంటే ప్రశ్న అడగడానికే జంకుతారు. ఫీల్డ్‌లో సర్ చాలు. కిరీటం పెట్టుకున్న రోజు ఎలాగూ అది చూసే చెప్పేస్తారు, స్ట్రాబెర్రీ ఆకులుంటే డ్యూక్, కోట గోడ పళ్ళలా ఉంటే కౌంట్, ఆరు ముత్యాలుంటే బారన్ అన్నది మామూలుగా నడిచే అలవాటు.

గణపతిదేవుడి కొలువులో జాయప అని ఒకాయన ఉండేవాడు. గజసాహిణి, అంటే రాజుగారి ఏనుగు దళానికి అధిపతి. ఆయనే నృత్యం మీద సంస్కృతంలో పెద్ద శాస్త్రగ్రంథం రాశాడు. ఎస్‌సీఏలో ఉంటే తెల్ల బెల్టు ఒకటి, లారెల్ ఒకటి కచ్చితంగా ఉండేవి. జనం ఈ రోజుకీ జాయప సేనాని అనే అంటారు, కానీ నాట్యం నేర్చుకునే వాళ్ళకి ఆయన ఆచార్యుడే. ఒక్కో చోట ఒక్కో మాట నిలుస్తుంది, దాన్ని అలా నిలవనివ్వడమే మంచిది.

హెరాల్డ్‌కి ఇచ్చే కార్డు

ఏది ఎంచుకున్నా చివరికి దాన్ని జనం ముందు గట్టిగా పలికేది హెరాల్డ్. కోర్టు ఎలా ఉంటుందంటే, సాయంత్రం హాల్లోనో చెట్ల కిందో రెండు సింహాసనాలు, ముందు ఒక మెత్త, పక్కన హెరాల్డ్ చేతిలో కాగితాల దొంతర, వెలుతురు తక్కువ, పేరు పిలవగానే మీరు లేచి వెళ్ళి మెత్త మీద మోకరిల్లాలి, ఎవరో నెలల తరబడి రంగులద్ది రాసిన స్క్రోల్, అంటే అవార్డు పత్రం, చదువుతారు. ఆ ఒక్క నిమిషంలో మీ పేరు తప్పు పలికితే బాధేస్తుంది, పలికినవాళ్ళకి ఇంకా బాధేస్తుంది. అందుకని ఇండెక్స్ కార్డు మీద పేరు, టైటిల్ ఇంగ్లీష్ అక్షరాల్లో విడగొట్టి రాసి, ఎక్కడ సాగదీయాలో గీత పెట్టి ఇవ్వండి. నాయక అంటే నా దీర్ఘం, య, క రెండూ పొట్టివి. చూస్తే చాలామంది నయాకా అని సాగదీస్తారు, ఒకసారి ఎదురుగా పలికి చూపిస్తే ఇక తప్పరు. మల్లన, ప్రోలయ లాంటి పేర్లు వాళ్ళ నోటికి బాగానే తిరుగుతాయి, ళ, ణ ఉన్న పేర్లు కష్టం, అలాంటి పేరైతే టైటిల్ అయినా తేలికది ఎంచుకోండి, లార్డ్ అనే ఉంచుకోండి.

కార్డు కోర్టు మొదలయ్యాక ఇస్తే లాభం లేదు, మధ్యాహ్నమే ఇవ్వండి. మీకు అవార్డు వస్తుందో లేదో ముందే ఎవరూ చెప్పరు, చాలావరకు రహస్యంగానే ఉంచుతారు, కాబట్టి మీ లోకల్ హెరాల్డ్ దగ్గర ఒక కార్డు ఎప్పుడూ ఉండేలా చూసుకోండి, కొత్త టైటిల్ వచ్చినప్పుడల్లా మార్చి ఇవ్వండి.